చెప్పేవాడికి వినేవాడు లోకువ

పాత స్పీకర్లలో లోపాలంటూ ఉండవు. ట్రెబుల్ చచ్చిపోతే దాని పేరు వెచ్చదనం. బేస్ బొత్తిగా లేకపోతే సంయమనం. వాల్యూమ్ కాస్త పెంచగానే బొంగురుపోతే, అది నెమ్మదిగా వినేవాళ్ళ కోసం పుట్టిన స్పీకరు. కుర్చీలో నాలుగంగుళాలు పక్కకు జరగగానే పాట మాయమైపోతే, శ్రద్ధ ఉన్నవాడికే అది దర్శనమిస్తుంది. మధ్యమధ్య లోపల్నుంచి చిటపటలు వినిపిస్తే అది దాని వ్యక్తిత్వం. ఇవే జబ్బులు నిన్న కొన్న కొత్త స్పీకర్లో కనబడితే, ఇదే పెద్దమనిషి షాపు షట్టరు ఎత్తకముందే బిల్లు పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు. యాభై ఏళ్ళు గడిస్తే చాలు, వారంటీ కింద మార్చాల్సిన సరుకు వారసత్వ సంపద అయిపోతుంది.

ఈ మతానికి లండన్, టోక్యో, సోల్, న్యూయార్క్ పాత పీఠాలు. ఈమధ్య మనవాళ్ళూ దీక్ష పుచ్చుకున్నారు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో రెండు కార్ల గరాజ్ ఉంటుంది. కార్లు ఎండకూ వానకూ బయటే ఉంటాయి. లోపల 1960ల నాటి చెక్క డబ్బాలు దుప్పట్లు కప్పుకుని పడుకుంటాయి. ఏ ఊరి భక్తుడైనా జపించే మంత్రం ఒకటే: “ఇప్పుడు అలాంటివి ఎవడు చేస్తున్నాడండీ!” వినడానికి ఇది స్పీకర్లను పొగిడినట్టే ఉంటుంది. నిజానికి వాటిని చేసినవాళ్ళను ఇంతకంటే ఘోరంగా తిట్టే మాట లేదు. నిన్నటి స్పీకరును ఇవాళ అటకెక్కించడమే ఆ మహానుభావులు జన్మంతా చేసిన పని. అటక మీంచి దాన్ని దించి పసుపు రాసి బొట్టు పెట్టేవాణ్ణి చూస్తే వాళ్ళు ఏమనుకునేవారో!

ముందు ఎల్‌ఎస్ 3/5ఏ సంగతి చూద్దాం. భక్తుల్లో దీనికున్న పరపతి అంతా ఇంతా కాదు. ఎత్తు ఒక అడుగు. 1970లలో బీబీసీ ఇంజనీర్లు దీన్ని తయారుచేశారు, ఎందుకంటే స్టూడియో బయటి ప్రసారాలకు వెళ్ళే వ్యానులో పెద్ద స్పీకరు పట్టదు. మోకాళ్ళు ముడుచుకుని కూచున్న ఇంజనీరుకు, అనౌన్సరు గొంతు సరిగ్గా వెళుతోందో లేదో తెలియాలి. అంతవరకే దాని ఉద్యోగం. ఐదు లీటర్ల డబ్బాలోంచి మృదంగం తొప్పి మోగదు, మోగనక్కర్లేదు కూడా. దాని ధ్వనిలో బేస్‌కు కొంచెం పైన చిన్న ఉబ్బు ఒకటి ఉంది, చెవి దాన్నే బేస్ అనుకుని తృప్తిపడుతుంది. వ్యాను ఇరుకు కోసం చేసిన ఈ సర్దుబాటును ఇప్పుడు ఇరవై అడుగుల హాల్లో, దాని బరువుకు నాలుగింతలుండే స్టాండ్ల మీద ప్రతిష్ఠించి, ఎదురుగా సోఫాలో కళ్ళు మూసుకుని కూచుంటున్నారు.

బీబీసీ వీటి తయారీకి లైసెన్సులిచ్చింది. రోజర్స్, చార్ట్‌వెల్, స్పెండార్, హార్బెత్, గుడ్‌మన్స్ తీసుకున్నాయి, లోపలి డ్రైవర్లు చేసే కెఫ్ కూడా చివరికి ఆ వరసలో చేరింది. లైసెన్సు పరమార్థం ఒక్కటే: ఏ కంపెనీ డబ్బా తెచ్చి పెట్టినా తేడా తెలియకూడదు. భక్తులు సరిగ్గా ఆ లేని తేడాకే లక్షలు పోస్తున్నారు. రోజర్స్‌దా చార్ట్‌వెల్‌దా, పేరు పలక బంగారు రంగా నలుపా, సీరియల్ నంబరెంత, వూఫర్ పొట్ట తెలుపా కాదా? పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు వెయ్యరు. ఇందులో మళ్ళీ 15 ఓముల శాఖ, 11 ఓముల శాఖ. 1980లలో డ్రైవర్లు పాత లక్షణాల నుంచి కాస్త జారుతున్నాయని గమనించి, ధ్వని మొదటిలాగే నిలబడాలని, ధ్వనిని డ్రైవర్లకు పంచిపెట్టే క్రాసోవర్‌ను సరిదిద్దారు. 11 ఓములది అలా పుట్టింది. మార్చింది దేనికయ్యా అంటే, మారకుండా ఉండడానికి. ఆ మారని మార్పు మీద ముప్పై ఏళ్ళకు పైగా తగువు నడుస్తోంది, ఇంకా తెగలేదు.

క్వాడ్ దగ్గరికొచ్చేసరికి నా నోరు కొంచెం తగ్గుతుంది. పీటర్ వాకర్ ఇంగ్లండ్‌లోని హంటింగ్డన్‌లో తయారుచేసి 1957లో అమ్మకానికి పెట్టిన ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరు అది. కోన్ లేదు, డబ్బా లేదు. వేల వోల్టుల నడుమ బిగించిన పల్చటి ప్లాస్టిక్ పొర మాత్రమే. మనిషి గొంతు అందులోంచి వచ్చినంత సహజంగా ఆ రోజుల్లో మరెందులోంచీ రాలేదు, ఇవాళ్టి స్పీకర్లలో కూడా చాలా వాటికి దాని ముందు తలెత్తుకునే ధైర్యం లేదు. ఒప్పుకున్నాను. చూసినవాళ్ళు దాన్ని గది వెచ్చబెట్టే హీటరనుకుని చేతులు చాపితే అది వాళ్ళ ఖర్మ.

కానీ వాకర్ ఏం చేశాడు? దాని ముందు అగరొత్తులు వెలిగించాడా? దాని అవకరాలు అందరికంటే ఆయనకే బాగా తెలుసు. ఒక్క కుర్చీలో ఉన్నవాడికే సరిగ్గా వినిపిస్తుంది. మోతాదు మించితే లోపల మెరుపు మెరిసి పొర కాలుతుంది. లోతైన బేస్ రాదు. అందుకే 1963లో కొత్తదాని మీద పని మొదలుపెట్టి, పద్దెనిమిదేళ్ళు కుస్తీపట్టి, 1981లో ఈఎస్‌ఎల్-63ని బయటికి తెచ్చాడు. తన గొప్ప సృష్టిని తానే పాతది చెయ్యడానికి ఒక మనిషి పద్దెనిమిదేళ్ళు ధారపోస్తే, భక్తుడొచ్చి “మొదటిదే అసలండీ, రెండోదాంట్లో ఆత్మ లేదు” అని తేల్చేస్తాడు.

ఆ ఆత్మ వాల్వ్ ఆంప్లిఫయర్ కడితేనే పలుకుతుందని ఇంకో శాసనం. 1978లో వాకర్ కంపెనీయే తన పాత వాల్వ్ ఆంప్లిఫయరును, తర్వాత వచ్చిన రెండు ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లను పోటీకి పెట్టి, ఏది మోగుతోందో చెప్పకుండా అనుభవజ్ఞులకు వినిపించింది. వాళ్ళకు తేడా చిక్కలేదు. మా కొత్త సరుకూ పాత సరుకూ ఒకేలా మోగుతాయని రుజువు చేసుకోవడానికి సొంత ఖర్చు పెట్టుకున్న వ్యాపారిని నేనింకెక్కడా చూడలేదు. ఈ పరీక్ష మాటెత్తితే భక్తుడికి ఉన్నట్టుండి దాహమేస్తుంది, మంచినీళ్ళకు లేచి వెళతాడు.

అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రం హోప్ ఊళ్ళో పాల్ క్లిప్ష్ 1946లో మొదలుపెట్టిన క్లిప్ష్‌హార్న్ మరో దైవం. గది మూలే దాని హార్న్‌కు చివరి భాగం, రెండు గోడలు కలిసేచోట చేరిస్తేనే బేస్ పూర్తవుతుంది. ఆంప్లిఫయర్లు పది పదిహేను వాట్లిస్తే గొప్ప అనుకునే రోజుల్లో ఇది చాలా తెలివైన ఏర్పాటు. ఒక్క వాటుకే చెవులు గింగురుమంటాయి. అయితే స్టీరియోకు రెండు కావాలి, రెండూ ఒకే గోడకు చెరో మూలా ఉండాలి. ఇప్పుడు దాన్ని మన ఇంట్లోకి రమ్మనండి. ఈశాన్యంలో బరువు పెట్టకూడదు, దాంతో ఉత్తరపు గోడా తూర్పు గోడా పోయాయి. దక్షిణపు గోడకు పెడదామంటే ఆగ్నేయంలో వంటిల్లు. మిగిలింది పడమటి గోడ. అక్కడ ఒక మూల బాల్కనీ తలుపు, రెండో మూల ఫ్రిజ్. “ఏవండీ, మరి ఫ్రిజ్ ఎక్కడ పెట్టమంటారు?” అని ఇల్లాలు అడిగితే, “ఫ్రిజ్ ఎక్కడైనా దొరుకుతుందే, ఇది 1962 నాటి వాల్నట్” అని జవాబు.

క్లిప్ష్ మాత్రం చమత్కారి. కోటు మడత కింద పసుపుపచ్చ బిళ్ళ ఒకటి పెట్టుకు తిరిగేవాడు. ఎవరైనా ఆడియో గురించి కోతలు కోస్తుంటే మడత తిప్పి ఆ బిళ్ళ చూపించేవాడు. దాని మీద ఎద్దు పేడకు సంబంధించిన మాట ఒకటి ఉండేది, ఇంతకంటే విప్పి చెప్పను. ఇవాళ ఆయన పేరు చెప్పుకుని జరిగే భజనల్లో ఆ బిళ్ళను మడత కింద దాచే తీరికెక్కడ, నుదుటి మీదే అంటించుకోవాలి.

జేబీఎల్ పారగాన్‌ది ఇంకో తరహా. 1957 నుంచి 1983 దాకా చేశారు. దాదాపు తొమ్మిదడుగుల వెడల్పు, మూడు వందల కిలోల పైమాట. పాతకాలపు జమీందారీ భోషాణాన్ని పక్కకు తిప్పి వంపులు చెక్కినట్టుంటుంది. ఎడమ కుడి ధ్వనులు ముందున్న వంపు చెక్క మీద పడి గదంతా పరుచుకోవాలని ఉద్దేశం. బేస్ మాత్రం లోపలి సందుగొందుల్లో తిరిగి బయటపడేసరికి ట్రెబుల్ ముందే వచ్చి కుర్చీ వేసుకుని కూచుంటుంది. ఇరవయ్యో శతాబ్దపు అందమైన ఇంటి సామాన్లలో అదొకటి, అందుకు నా ఓటు కూడా వేస్తాను. సామానుగా కొన్నాను అంటే ఎవరూ కాదనరు. ధ్వని కోసం కొన్నాను అన్నప్పుడే క్లిప్ష్ గారి బిళ్ళ గుర్తొస్తుంది.

ఆల్టెక్ కంపెనీ ‘వాయిస్ ఆఫ్ ది థియేటర్’ స్పీకర్లను 1945లో సినిమా హాళ్ళ కోసం చేసింది. తెర వెనక నిలబెడితే బాల్కనీ చివరి వరసలో పల్లీలు ఒలుచుకుంటున్నవాడికి కూడా హీరో డైలాగు అందాలి. దాన్ని టోక్యోలో, సోల్‌లో అగ్గిపెట్టెల్లాంటి అపార్ట్‌మెంట్లలోకి ఎక్కించారు. మనిషికీ స్పీకరుకూ మధ్య ఎడం ఒక కాఫీ బల్ల. నేల టికెట్టు కొన్నవాడు కూడా తెరకు అంత దగ్గరగా కూచోలేదు.

ఇక ‘ఒరిజినల్’ అనే మాట. 1970లలో వూఫర్ కోన్ చుట్టూ మెత్తటి పాలీయురేథేన్ ఫోమ్ అంచు పెట్టడం రివాజు. గాల్లో తేమ తగిలి పదిహేను ఇరవై ఏళ్ళలో అది పొడిపొడి అయిపోతుంది, మన కోస్తా ఉక్కలో ఇంకా తొందరగా. క్రాసోవర్లో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎండిపోతాయి. ట్వీటర్ మోతాదు సరిచేసే నాబ్ లోపల చిలుము పడుతుంది. కాబట్టి భక్తుడు చూపించే ‘మచ్చలేని ఒరిజినల్’ జతలో ఫోమ్ కొత్తది, కెపాసిటర్లు కొత్తవి, వైర్లు కొత్తవి, ముందు గుడ్డ కొత్తది, ఒక ట్వీటర్ వేరే దేశంలో వేరే స్పీకరు నుంచి ఊడదీసి తెప్పించింది, పాలిష్ పోయినేడాది కొట్టించింది. నికార్సైనవి పేరు పలక, నాలుగు స్క్రూలు. ఇంత శస్త్రచికిత్స అయ్యాక “చూశారా, అచ్చం 1971 నాటి ధ్వని!” అంటాడు. చికిత్సకు ముందు రోజు కూడా ఇదే మాట అన్నాడు, అప్పటికి సగం ట్రెబుల్ కెపాసిటర్లోనే సమాధి అయి ఉంది. రెండిట్లో ఏది 1971దో అడిగితే స్నేహం చెడుతుంది.

అయస్కాంతం మీద మూఢభక్తి దీనికి తోడు. పాత డ్రైవర్లలో అల్నికో ఉండేది, అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్‌ల మిశ్రలోహం. 1978లో ఆఫ్రికాలో అప్పటి జైర్ దేశపు షాబా ప్రాంతంలో యుద్ధం రేగి కోబాల్ట్ ధర ఆకాశానికెక్కింది. స్పీకర్ కంపెనీలు చవకైన ఫెర్రైట్‌కు మారాయి. అల్నికోకు కొంత మేలు ఉన్నమాట నిజమే. అయస్కాంతం చుట్టూ ఉండే లోహపు ముక్కల ఆకారం మార్చి, రాగి రింగులు వేసి ఆ తేడాను ఇంజనీర్లు త్వరలోనే పూడ్చేశారు. భక్తుడి చెవికి మాత్రం 1978కి ముందంతా తేనె, తర్వాతంతా రేకు. కోబాల్ట్ ధరల పట్టికను చెవితో వినగలిగినవాళ్ళు ప్రపంచం మొత్తం మీద వీళ్ళే.

అప్పట్లో అన్నీ గొప్పవే అనిపించడానికి కారణం, గొప్పవి కానివన్నీ ఎప్పుడో పాత సామాన్లవాడి బండెక్కి పోయాయి. డబ్బా ఎంతుండాలి, దానికి పెట్టే రంధ్రం ఎంతుండాలి అనే లెక్క నెవిల్ థీల్ ఆస్ట్రేలియాలో 1961లో, ఆ తర్వాత రిచర్డ్ స్మాల్ 1970లలో తేల్చి చెప్పేదాకా, చాలామంది తయారీదారులకు అది అనుభవమూ అదృష్టమూ కలిసొస్తే కుదిరే వ్యవహారం. ఇవాళ ఆ లెక్క కాలేజీ కుర్రాడు ఫోన్లో చేస్తాడు. అందుకే వాడంటే భక్తుడికి గిట్టదు.

“లెక్కలెందుకండీ, చెవి చెబుతోంది కదా!” అంటారు. చెవి సాక్ష్యం ఎంత గట్టిదో చూద్దాం. 1915 ప్రాంతం నుంచి ఎడిసన్ కంపెనీ అమెరికా అంతటా ‘టోన్ టెస్ట్’ పేరుతో ప్రదర్శనలిచ్చింది. వేదిక మీద గాయని, పక్కన గ్రామఫోన్. దీపాలార్పి, పాడుతున్నది మనిషా యంత్రమా చెప్పమనేవారు. చెప్పలేకపోయామని జనం అబ్బురపడ్డారు. కీ ఇచ్చి తిప్పే గ్రామఫోన్ అది, ఆంప్లిఫయరన్న మాటే లేదు. గాయనులు తమ గొంతును యంత్రం స్థాయికి దించి పాడేవారట. యంత్రం మనిషిలా పాడలేకపోతే ఏం, మనిషి యంత్రంలా పాడింది. 1950ల చివర్లో అమెరికాలోని ఎకూస్టిక్ రిసెర్చ్ కంపెనీ ఇదే ఆటను తన ఏఆర్-3 స్పీకర్లతో, ఫైన్ ఆర్ట్స్ క్వార్టెట్ అనే వాద్యబృందంతో ఆడింది. కమాను ఎక్కడ ఆగిందో, స్పీకరు ఎక్కడ అందుకుందో శ్రోతలు చాలామంది పట్టుకోలేకపోయారు. అచ్చం అసలులాగే ఉందన్న సర్టిఫికెట్ పుచ్చుకోని యంత్రం ఈ వందేళ్ళలో ఒక్కటైనా ఉందా?

1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే పరిశోధకులు జేబీఎల్‌కు యజమాని అయిన హర్మన్ కంపెనీలో నలభైమంది ఉద్యోగులకు నాలుగు రకాల స్పీకర్లు వినిపించారు. ఒకసారి కంటికి కనబడేలా, ఒకసారి తెరచాటున. చూస్తూ విన్నప్పుడు భారీగా, ఖరీదుగా ఉన్నవి గెలిచాయి, చిన్న ప్లాస్టిక్ జత చిత్తుగా ఓడింది. తెర అడ్డం పెట్టగానే ఆ అంతరం కరిగిపోయింది. తెర పేరెత్తితే భక్తుడికి ఒళ్ళుమంట. “సంగీతమంటే పరీక్ష కాదండీ, అనుభూతి” అంటాడు. అనుభూతే. అమ్మకానికి పెట్టినప్పుడు మాత్రం ఆ అనుభూతికి మార్కుల జాబితా, ధర పట్టిక, ఫొటోలు అన్నీ పుట్టుకొస్తాయి.

ఇంత చేసి వినేదేమిటి? స్టాక్‌హోమ్‌లో ఒకప్పుడు తాకట్టు కొట్టుగా ఉన్న క్లబ్బులో 1976లో రికార్డు చేసిన ‘జాజ్ ఎట్ ది పాన్‌షాప్’. స్పీకర్ల డెమో అంటే లోకమంతా అదే గతి. అందులో సాక్సఫోన్ కోసం ఎవరూ చెవి రిక్కించరు, వెనక వినబడే గ్లాసుల గలగల కోసం రిక్కిస్తారు. “విన్నారా, ఎడమ పక్కన ఎవరో గ్లాసు పెట్టారు!” లక్షలు పోసి కొన్న యంత్రంలో స్వీడన్ సర్వర్ల పనితనం మెచ్చుకోవడం జరుగుతుంది. అయ్యా, ఒక్క ఘంటసాల పాట పెట్టండి అని అడగండి. “అది మోనో రికార్డింగండీ, ఈ సిస్టమ్‌లో బాగుండదు” అంటాడు. మద్రాసు స్టూడియోల్లో మోనోలో పాడిన ఆ గొంతును మన ఊళ్ళు రచ్చబండ దగ్గర అరచేతంత స్పీకరున్న రేడియోలో విని గుండెల్లో పెట్టుకున్నాయి. క్లిప్ష్‌హార్న్ పుట్టింది మోనో కాలంలో, క్వాడ్ పుట్టింది దుకాణాల్లో స్టీరియో రికార్డు ఇంకా అరుదుగా ఉన్న రోజుల్లో. ఈ మాట గుర్తుచేస్తే మళ్ళీ దాహమేస్తుంది.

మరి ఈ మోజు ఎందుకు చావదు? కొత్త స్పీకరుకు కొలతల కాగితం ఉంటుంది, కథ ఉండదు. పాతదానికి వేట ఉంటుంది. తండ్రి పోయాక పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తూ గరాజ్ సేల్లో పెట్టిన డబ్బాలను, వాటి విలువ తెలియని ఆ ఇంటి పెద్దావిడ దగ్గర చవగ్గా కొట్టేసిన ఘట్టాన్ని భక్తుడు ఏ పాటకంటే కూడా ఎక్కువసార్లు వినిపిస్తాడు. ఇందులో తనే హీరో, ఆవిడ అమాయకత్వమే లాభం. కంపెనీలు కూడా గాలి ఎటు వీస్తోందో కనిపెట్టాయి. జేబీఎల్ 1970ల ఎల్100ను అదే గళ్ళ ఫోమ్ ముసుగుతో 2018లో మళ్ళీ తెచ్చింది. వార్ఫ్‌డేల్ వాళ్ళు లింటన్ పేరును 2019లో లేపారు. పైన పాత ముఖం, లోపల కొత్త డ్రైవర్లు, కొత్త లెక్కలు. పాతవాటికంటే ఇవి మెరుగ్గా మోగుతాయి కాబట్టి భక్తుడికి నచ్చలేదు.

పాతబడేది స్పీకరు ఒక్కటే కాదు. అరవై దాటిన మగవాళ్ళలో చాలామందికి పన్నెండు కిలోహెర్ట్జ్‌కు పైన పెద్దగా ఏమీ వినబడదు. పాత స్పీకర్ల సభలకు వచ్చే తలల్ని చూస్తే ఎంతమంది ఆ గీత దాటారో ఇట్టే తెలుస్తుంది, కానీ ఇరవై కిలోహెర్ట్జ్ దగ్గర ఏ ట్వీటర్‌కు ఎక్కువ ‘గాలి’ ఉందన్న చర్చ వాళ్ళలోనే హోరెత్తుతుంది. వినికిడి తగ్గినవాళ్ళ తీర్పుల్లో నిలకడ ఉండదని టూల్ 1980లలో కెనడాలో చేసిన పరీక్షల్లోనే గమనించాడు. తన చెవులకూ వయసొచ్చాక తీర్పరుల కుర్చీలోంచి తానే లేచిపోయాడు.

ఏఆర్-3 చేసిన ఎడ్గార్ విల్చర్ అంతకంటే ముందే లేచిపోయాడు. 1967లో కంపెనీ అమ్మేసి, హియరింగ్ ఎయిడ్ల పరిశోధనలో దిగాడు. ధ్వనిని భాగాలుగా విడదీసి, ఒక్కో భాగంలో మెల్లని శబ్దాన్ని పెంచి గట్టిదాన్ని అదుపులో పెట్టే పద్ధతి కనిపెట్టి, పేటెంటు తీసుకోకుండా ప్రచురించి లోకానికి వదిలేశాడు. ఇవాళ చెవిలో పెట్టుకునే యంత్రాలు చాలామటుకు ఆ దారిలోనే పనిచేస్తాయి. విల్చర్ చేసిన మొదటి వస్తువును భక్తులు సముద్రాలు దాటిస్తారు, కొన్న ధరకంటే ఎక్కువ ఓడ కిరాయి కడతారు. ఆయన ఊరికే ఇచ్చిపోయిన రెండోదాని సంగతి ఇంట్లోవాళ్ళు మెల్లగా ఎత్తితే, “నాకేమొచ్చింది, బ్రహ్మాండంగా వినిపిస్తోంటే!” అని గయ్యిమంటారు. ఈమధ్య నుంచి ట్రెబుల్ కాస్త తగ్గినట్టు అనిపిస్తోందట, కెపాసిటర్లు ఇంకోసారి మార్పించాలట.